పెట్టెలో నాన్న

ఆ రోజుల్లో భయం వేస్తే ఎవరికో ఒకరికి చెప్పుకోవడమే తప్ప రాసుకోవడం నాకు తెలీదు. అక్షరాలు వస్తేగా! మా వైపు వలలు వేసుకునే వాళ్ళ ఇళ్ళలో ఆడపిల్ల బడికి పోతే చేపలు ఎండబెట్టేదెవరు? తల సగం నెరిశాక, మా కోడలు తన కూతురి చేత పలక మీద దిద్దిస్తుంటే, మనవరాలి వెనక కూర్చుని నేనూ దిద్దుకున్నాను. (అది నాకంటే ముందే గుణింతాలు దాటేసింది. ఇప్పటికీ ఒత్తుల దగ్గర దాన్నే అడుగుతాను, అది విసుక్కుంటుంది.) ఈ సంగతి నోటితో చాలామందికి చెప్పాను. సగంలోనే కడుపు పట్టుకుని నవ్వేవారు. నేనెంత భయపడ్డానో చెప్పే వీలే ఉండేది కాదు. కాగితం మధ్యలో నవ్వదు కదా, అందుకని రాస్తున్నాను. మీరు నవ్వినా నాకు వినపడదు.

మా నాన్న గోదావరిలో వల వేసేవాడు. నోట్లో లంక పొగాకు చుట్ట లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు మా రేవులో లేరు. వల విసిరేటప్పుడు కూడా చుట్ట పళ్ళ మధ్యే ఉండేది. చివరికి దగ్గు పట్టుకుంది, దగ్గుతో రక్తం పడింది, రాజమండ్రి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకొస్తే ఊపిరితిత్తుల్లో కేన్సరన్నారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతుంటే సూది గుచ్చి తీసేవారు. అప్పుడే మేడమ్ గారు మాకు పరిచయం. ఆస్పత్రి వెనక మేడ మీద ఆవిడకో చిన్న ల్యాబు ఉండేది. "ఈ నీరు ఎలాగూ పారబోసేదేనండి, మా పరిశోధనకి ఇస్తారా? ఈ జబ్బు లోపల్లోపల ఎలా నడుస్తుందో తెలిస్తే, మందు ఎక్కడ తగలాలో తెలుస్తుంది" అని మర్యాదగా అడిగారు. నాన్న ఆయాసపడుతూనే, "నీళ్ళే కదమ్మా! గోదారి ఒడ్డున పుట్టినోడు నీళ్ళు లేవంటాడా, పట్టుకెళ్ళండి" అన్నాడు. వేలిముద్ర వేశాడు. ఆ చలికాలం దాటకుండానే పోయాడు. మాకు ఇల్లు గడవడం లేదని తెలిసి మేడమ్ గారే నన్ను పిలిచి ల్యాబులో ఆయా పని ఇప్పించారు.

ఏడాది తిరిగింది. నాన్న సంవత్సరీకం కూడా అయిపోయింది. ఒకరోజు నేల తుడుస్తుంటే మేడమ్ గారు మైక్రోస్కోపు మీంచి తలెత్తి, మొహం వెలిగిపోతుండగా, "నీకో మంచి మాట చెప్పనా? మీ నాన్నగారి కణాలు ఇంకా బతికే ఉన్నాయి. మిగతావాళ్ళవన్నీ మధ్యలోనే చచ్చిపోయాయి. ఆయనవి మాత్రం ఎంత బాగా పెరుగుతున్నాయో!" అంటూ మూలనున్న పెట్టె పై తలుపు తీసి చూపించారు. కోడిగుడ్లు పొదిగించే యంత్రంలాంటి పెట్టె, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. దాని అద్దం తలుపు వెనక చదునైన సీసాలు, వాటిలో ఎర్రటి నీళ్ళు. నా చేతిలో బకెట్టు జారి గదంతా నీళ్ళయ్యాయి. ఆనందంతో జారిందనుకున్నారావిడ.

అప్పటినుంచీ ఆ గదిలోకి వెళ్ళే ముందు గుమ్మంలో ఆగి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ పెట్టె ఉండుండి గుర్రుమనేది. అచ్చం నాన్న దగ్గబోయే ముందు గొంతు సవరించుకున్నట్టే ఉండేది. వీపు పెట్టెవైపు పెడితే నాన్నకి కోపం వస్తుందేమోనని భయం, మొహం పెడితే లోపల్నుంచి చూస్తాడేమోనని భయం. అందుకని పీతలా పక్కకి పక్కకి జరుగుతూ తుడిచేదాన్ని. మనిషి కాలి బూడిదై గోదాట్లో కలిశాక, ఇంకా సీసాలో పెరుగుతున్నాడంటే ఎంత అవస్థ పడుతున్నాడో! ఊపిరాడుతోందో లేదో! ఎవర్ని అడగాలి? పెద్ద చదువులు చదివిన ఆవిడ బతికే ఉన్నాయంటుంటే కాదనడానికి నేనెవర్ని?

పెద్దల అమావాస్య దగ్గరపడుతుండగా ఇక దాచుకోలేక అమ్మకి చెప్పేశాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపింది.

"బతికున్నాడా?"

"కొంచెం బతికున్నాడంట."

"నాకు తెలుసే, అంత తేలిగ్గా పోయే మనిషి కాదు" అంది. బోసి చేతులు చూసుకుని, "మరి నా గాజులెందుకు తీయించారే?" అంది. "సంవత్సరీకం కూడా పెట్టేశాం కదే! బతికున్న మనిషికి! ఏం తింటున్నాడు?"

"ఎర్ర నీళ్ళు."

"ఎండు రొయ్యల పులుసు లేనిదే ముద్ద దిగనోడికి ఎర్ర నీళ్ళా!" అని కళ్ళు తుడుచుకుని, వెంటనే అసలు చిక్కు పట్టుకుంది అమ్మ. పెద్దల అమావాస్యకి పోయినవాళ్ళ పేరు చెప్పి, వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఆకు వేస్తాం. పోయినవాడికి వెయ్యకపోతే ఏడాదంతా పస్తుంటాడు. బతికున్నవాడికి వేస్తే ఆ ఆకే ఆయుష్షు తీసేస్తుంది. "ఉన్నాడో పోయాడో ముందు అది తేల్చుకురా. అమావాస్య ఎల్లుండే" అంది. అమ్మ ఎసరు పెట్టాలా వద్దా అన్నది నా మీద పడింది.

తేల్చడం ఎలా? నాన్న ఎంత మొద్దునిద్దర్లో ఉన్నా, చుట్ట వాసన తగిలితే చాలు, "ఎవర్రా అది, నాకోటి పడెయ్" అంటూ లేచేవాడు. (మేడమ్ గారు కూడా సీసాలో ఏదో చుక్క వేసి ఏం జరుగుతుందో చూసేవారు. నేను చేసిందీ పరిశోధనే అని ఇప్పటికీ వాదిస్తాను.) మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు, కొంగున కట్టి తెచ్చిన చుట్ట ముట్టించాను. అది ఆరిపోకుండా నేనే రెండు దమ్ములు లాగాల్సి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో మంట. దగ్గుకుంటూనే పెట్టె తలుపూ, దాని లోపలి అద్దం తలుపూ తీశాను.

లోపల్నుంచి వెచ్చగా, తడిగా గాలొచ్చి మొహానికి తగిలింది. మనిషి ఊపిరిలాగే. "నాన్నా, నేనే. ఉన్నావా?" అన్నాను. ఏమీ లేదు. చుట్ట ఇంకాస్త ముందుకి పెట్టాను. "ఉంటే చెప్పు, అమ్మ అడగమంది."

పెట్టె కీక్ కీక్ కీక్ మని అరిచింది.

నేను అంతకంటే గట్టిగా అరిచాను. "ఉన్నాడు! నాన్న ఉన్నాడు!" అని గోడకి అతుక్కుపోయాను. పొగ చూసి మా వాచ్‌మన్ (అందరూ హడావుడి అని పిలిచేవారు) "షార్ట్ సర్క్యూట్! షార్ట్ సర్క్యూట్!" అని కేకలేస్తూ ఇసక బకెట్టుతో వచ్చి, మంట ఎక్కడా కనపడక, తెచ్చిన ఇసక వృథా కాకూడదన్నట్టు నా కాళ్ళ మీద పోశాడు. వెనకాలే మేడమ్ గారు, చేతికి పెరుగన్నంతోనే. ఒక్క తోపున పెట్టె తలుపు మూసి, నా చేతిలోది చూశారు.

"ఏంటిది? చుట్టా? ఈ గదిలోనా?"

"మా నాన్నకండి."

"ఎవరికి?"

"లోపలున్న మా నాన్నకండి. పలికాడండి."

"తలుపు తీసి ఉంచితే అది అలాగే మోగుతుంది!" అని అరిచారు గానీ, నా మొహం చూసి ఆగిపోయారు. ఉద్యోగం పోయిందనుకుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ హడావుడిని పంపించేసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఇన్నాళ్ళూ ఇందులో మీ నాన్నగారున్నారనుకున్నావా?"

"మీరే కదండీ బతికున్నాయన్నారు."

ఆవిడ మెల్లిగా చెప్పారు. "మీ నాన్నగారు పోయారు. ఇది ఆయన కాదు. ఆయన ఒంట్లో పుట్టి ఆయన్నే తినేసిన జబ్బు ఇది. ఆయన పోయినా ఇది పోలేదు."

"మరి దీన్ని మేపుతున్నారెందుకండీ?"

"చంపడానికి." కాలవ మీద లాకులు చూశావుగా, అని అడిగారు. లాకు తలుపు సరైన టైముకి మూస్తేనే నీళ్ళు ఆగుతాయి. కణంలో కూడా పెరగమనీ ఆగమనీ చెప్పే అలాంటి తలుపులుంటాయిట. ఈ సీసాల్లో కణాలకి ఏదో ఒక తలుపు తెరుచుకుని ఇరుక్కుపోయింది, అందుకే ఆగకుండా పెరుగుతున్నాయి. అది ఏ తలుపో కనుక్కుంటే దాన్ని మూసే మందు వెతకొచ్చు. "మీ నాన్నగారికి అందలేదు. ఇంకొకరి నాన్నకి అందుతుందేమో" అన్నారు.

నాకు ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. "దీనికా నేను చుట్ట ముట్టించింది!"

"మొదట్నుంచీ దానికి కావలసింది అదే" అన్నారావిడ. ఎంత ఆపుకున్నా నవ్వొచ్చేసిందావిడకి. మళ్ళీ గంభీరంగా, "కొన్నాళ్ళు చూడాలి. నీ పొగతో, గాలితో సీసాల్లో బూజు పడితే ఇన్నాళ్ళ పనీ పోయినట్టే" అన్నారు. నాకు కొత్త భయం పట్టుకుంది. దాన్ని చంపాలి నిజమే, కానీ బూజు చంపకూడదు, మందే చంపాలి.

సాయంత్రం ఇంటికెళ్ళి, "నాన్న పోయాడమ్మా" అన్నాను. అమ్మ కొత్తగా విన్నట్టే ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, రొయ్యల మూట విప్పింది.

పీతలా పక్కకి జరుగుతూ నేల తుడిచిన ఆ పిల్ల ఇప్పుడు నాకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, "భయపడకే పిచ్చిదానా" అనాలనిపిస్తుంది. వినేదో లేదో! మర్నాడు అమావాస్య. పొద్దున్నే అమ్మా నేనూ ఆకు వేసి, నాన్న పేరు గట్టిగా చెప్పి పిలిచాం. తర్వాత నేను డ్యూటీకి వెళ్ళి, చెప్పులు విప్పి, గది గుమ్మంలో నిలబడ్డాను. మేడమ్ గారు సీసా వెలుతురుకి పట్టి చూస్తున్నారు. ఇప్పటికైతే బూజు లేదన్నట్టు తలూపారు.

"ఆయ్, మంచిదండి" అన్నాను. "మరి ఎప్పుడు చంపుతారండీ దాన్ని?"