డ్రైవరన్న పట్టు

నా చిన్నప్పుడు, పదకొండేళ్లకే, మనుబోలు దగ్గర రోడ్డు పక్కన ఆవిర్లు కక్కుతున్న కారును నేనొక్కణ్ణే బాగుచేశాను. మనవళ్లకు ఇలాగే చెబుతుంటాను. అసలు సంగతి, నేను చేసిందల్లా వైరు ముక్క పట్టుకోవడం.

కారు మా పెదనాన్నది, కొత్తది. గూడూరు నుంచి నెల్లూరికి పెదనాన్న, మా అక్క, నేను బయలుదేరాం. దారిలో ఇంజను సలసలా కాగిపోయింది. డ్రైవరన్న బానెట్ ఎత్తి చూస్తే, రేడియేటర్‌ను చల్లబరిచే ఫ్యాను తిరగడం లేదు.

"ఫ్యాను మోటారు కాల్చేసినావు. రేపట్నించి పనిలోకి రావొద్దు" అన్నాడు పెదనాన్న.

డ్రైవరన్నకు ఆ పని దొరికి మూడు నెలలే. అయినా బతిమాలలేదు. "రాన్లేయ్యా. కానీ ఇది ఎందుకు తిరగలేదో చూడకుండా ఈడ్నించి కదల్ను" అన్నాడు.

ఇంజను చల్లారిందాకా ఎండలోనే నిలబడ్డాడు. ఫ్యూజు పీకి వెలుతురుకు పెట్టి చూశాడు, బాగుంది. మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. "కాల్లేదయ్యా" అన్నాడు, అంతే. నీళ్లు కాగినప్పుడు ఫ్యానును తిప్పే స్విచ్చొకటి రేడియేటర్‌కు ఉంటుంది. దాని ప్లగ్గు ఊడదీసి, అందులోని రెండు కొసలనూ వైరు ముక్కతో నన్ను కలపమన్నాడు. మళ్లీ తిరిగింది. ఇక మిగిలింది ఆ స్విచ్చు, దాని ప్లగ్గు. ప్లగ్గు లోపల పచ్చగా చిలుం. దాని పైన, సందులో ఇరుక్కుని, కుళ్లి రసం కారుతున్న నిమ్మకాయ, దారంతో సహా.

దిష్టికి అమావాస్య అమావాస్యకూ కారు ముందు నిమ్మకాయ కట్టడం నా పని. బయట కడితే పిల్లకాయలు తెంపుకుపోతున్నారని నేనే లోపల దోపాను.

డ్రైవరన్న నిమ్మకాయను చూశాడు, నన్ను చూశాడు, దాన్ని గట్టు అవతలికి విసిరేశాడు. చిలుం గీకి, ప్లగ్గు పెట్టి, ఇంజను స్టార్ట్ చేశాడు. అందరం చెవులొగ్గి నిలబడ్డాం. కాసేపటికి ఫ్యాను దానంతటదే అందుకుంది.

"చిలుం పట్టిందాకా నువ్వేం చేస్తండావు?" అన్నాడు పెదనాన్న, ఇంకా మెత్తబడకుండా.

డ్రైవరన్న నా పేరెత్తలేదు, తలొంచుకున్నాడు. అప్పుడు నేను ముందుకొచ్చి, తప్పు నాదేనని చెప్పాను. పెదనాన్న "రేపు పొద్దున్నే బండి కడగాల, వచ్చెయ్" అన్నాడు డ్రైవరన్నతో.

ఇప్పటికీ ఇంట్లో ఏదైనా చెడిపోయి ఎవరిమీదన్నా నోరు లేవబోతే, ఆగి, ఇక్కడిదాకా బాగుంది, ఇక్కడిదాకా బాగుంది అని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్తాను. చాలాసార్లు ఆ దారి నా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఇంతవరకు రాసి మా అక్కకు చదివి వినిపించాను.

"నువ్వు ముందుకొచ్చినావా?" అంది. "కారెనక దాక్కోనుండావు గదరా. చెవి పట్టి లాక్కొచ్చి చెప్పించింది నేను."