జానెడు ఎడం

రోజూ కళ్ళెదుట తిరిగే మనిషి నడుము పెరుగుతుంటే, ఆ కళ్ళకే అది ఎందుకు ఆనదు? దీనికి ఇప్పటికీ జవాబు దొరకలేదు.

దాలమ్మ భర్త దానయ్య రాయపూర్‌లో గూడ్సుబండి డ్రైవరు. తాతల నాడే శ్రీకాకుళం నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. ఏటా దసరాకి దాలమ్మే అతనికి కొత్త మొలతాడు కట్టేది. పాతది ఒరుసుకుంటోందని ప్రతిసారీ ఓ వేలి మందం ఎక్కువ తెంపేది. అలా పది దసరాలు వెళ్ళిపోయాయి.

డ్రైవర్లకి రైల్వేవాళ్ళు చేసే డాక్టరీ పరీక్ష గట్టెక్కడం దానయ్యకి ఓ విద్య. నాలుగు రోజుల ముందు అన్నం మానేసి, కాకరకాయ రసం తాగి, పరగడుపున దర్జాగా సూదికి చెయ్యి చాపేవాడు. 2016లో మాత్రం రైల్వే ఆసుపత్రి డాక్టరు మహేశ్వరి వేరే పరీక్ష రాసింది.

"మేడమ్, సోమారం నుంచి మెతుకు ముట్టలేదు. ఎలా పెరుగుద్ది?" అన్నాడు దానయ్య, ఫలితం చూసి.

"ఇది మూడు నెలల చక్కెర చెబుతుంది దానయ్యగారూ. మీ సోమవారం సంగతి దీనికి పట్టదు" అని నవ్వింది డాక్టరు. "ఇంకా షుగరు జబ్బు కాదు, గుమ్మం దాకా వచ్చింది. బీపీ అయితే లోపలికే వచ్చేసింది. మూడు నెలలు ఇంజను ఎక్కకండి, ఆఫీసులో కూర్చోండి. అప్పటికీ ఇవి దిగకపోతే ఇక ఆ కుర్చీయే."

బయట కూర్చున్న దాలమ్మని పిలిచి ఓ చిట్కా చెప్పింది: మనిషి పొడవంత దారం తీసి, సగానికి మడిస్తే, ఆ సగం అతని నడుము చుట్టూ రావాలి.

ఇంటికి రాగానే దాలమ్మ మొలతాళ్ళ ఉండ తీసి, మొగుణ్ణి గోడకి ఆనించి కొలిచింది. మడిచి నడుముకి చుట్టింది. కొసల మధ్య జానెడు ఎడం.

"తాడు పొట్టిది" అన్నాడు దానయ్య.

"తాడు రైట్ టైమే. నీ బొజ్జే బిఫోర్ టైమొచ్చీసింది."

"పదేళ్ళ నుంచి కొలిసింది నువ్వే కదేటి! అప్పుడేటయ్యింది నీ నోటికి?"

దాలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. నిజమే. వేలి తరవాత వేలు, ఆ జానెడూ తన చేతులమీదుగా వెళ్ళిందే.

మర్నాటి నుంచి పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ. అన్నం సగం, కూర రెట్టింపు. డ్యూటీ దిగి జిలేబీ కొట్టు దగ్గర ఆగడం బంద్. తెల్లారగట్ల తెలీబంధా చెరువు చుట్టూ ఇద్దరూ నడిచేవారు. దానయ్య వెనకబడితే దాలమ్మ తిరిగి చూసేది.

"ఏటయ్యా, గూడ్సుబండిలా లూప్‌లైన్లో ఆపేసారా?"

"సిగ్నలియ్యే ముందు, ఒస్తాను!"

ఆఫీసులో మాత్రం అతనికి సరదా ఉండేది కాదు. వేరే డ్రైవర్లని డ్యూటీకి పిలిస్తే చటుక్కున లేచి, మళ్ళీ కూర్చునేవాడు. ఇంటికొచ్చి, "ఈ కుర్చీలోనే రిటైరయిపోతానేటే?" అని అడిగేవాడు. దాలమ్మ అంబలి గ్లాసు చేతికిచ్చేది.

మూడు నెలలకి ఎడం నాలుగు వేళ్ళకి దిగింది. బీపీ దారిలో పడింది, చక్కెర గుమ్మం దిగింది. మహేశ్వరి ఫిట్ అని రాస్తూ, "ఆ నాలుగు వేళ్ళూ మిగిలాయి, నడక ఆపకండి" అంది.

ఆ సాయంత్రమే డ్యూటీకి రమ్మని ఫోను. దాలమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. డ్యూటీలో తినడానికి రొట్టెలు కాల్చి డబ్బాలో పెట్టానని చెబుదామని, చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. గట్టుమీద డబ్బా లేదు. మేకుకి అతని డ్యూటీ సంచీ లేదు.

వాకిట్లోకి పరుగెత్తేసరికి ఇంజను ఎక్కే తొందరలో చెప్పకుండానే బయల్దేరిన అతని సైకిలు మలుపు తిరుగుతోంది.