నాలుగు గంటలేనని చెప్పాను

"ఎన్ని గంటలల్ల అస్తవ్ చెల్లె?" అని కోరుట్ల నుంచి అన్న అడిగినప్పుడు, దుబాయ్‌లో నేను వంట చేసే ఇంట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. అమ్మ తెల్లవారుజామున పోయింది. ఆ ఇంటి అమ్మగారు ఒక్క మాట అడగకుండా టికెట్ కొనిచ్చింది. చల్లగా ఉండాలి ఆమె.

"తొమ్మిదింటికి ఎక్కుతున్న అన్నా. నాలుగు గంటలేనట."

"గట్లయితే పొద్దుగూకకముందే అస్తవ్. అప్పటిదాక ఆపుతం."

పొద్దుగూకాక మా దిక్కు దహనం చేయరు. నేను బడికి పోలేదు, లెక్కలు ఇంట్లో నాన్న నేర్పినవే. ఒంటిగంటకు దిగుతాను, కారులో ఐదు గంటలు, ఆరింటికి అమ్మ ముఖం చూస్తాను.

విమానంలో పక్క సీటాయనది మా కోరుట్ల పక్కనున్న మల్లాపూర్. ఒంటిగంటకే దిగుతాం కదా అని అడిగాను.

"ఏ గడియారం అక్కా? గీడికీ మన దగ్గరికీ గంటన్నర తేడా. దిగేసరికి రెండున్నర. లైన్ల నిలవడి బయటవడేసరికి మూడున్నర. గాలిల జల్దినే పోతం, నేలమీదనే ఆలస్యం" అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేసి, తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. తాగాను. ఫోన్ కలవదు. ముందు సీటు వెనక తెరమీద చిన్న విమానం బొమ్మ సముద్రం దాటుతోంది. మిగిలిన కిలోమీటర్లు తగ్గుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

బయటికి రాగానే ఫోన్ చేశాను.

"ఎనిమిదిన్నర అయితది అన్నా."

అన్న వెనక నుంచి మా పెద్దనాన్న గొంతు: "ఇగ ఆపుడు కాదురా, ఎండలెట్లున్నయ్!"

"ఏం జేద్దాం చెల్లె?"

"కానియ్యండ్రి."

"వీడియో వెడ్తం, ముఖమన్న చూడు."

వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

సిరిసిల్ల చేరకముందే చీకటి పడింది. వేములవాడలో డ్రైవరు బండి నెమ్మది చేశాడు. "దిగుతవా అక్కా, గుడిల రాజన్నకు దండం వెట్టుకుంటవా?"

"మైల ఉన్నది తమ్మీ" అన్నాను. అతను ఇంకేమీ అడగనందుకు మనసులోనే స్వామికి దండం పెట్టుకున్నాను.

ఇల్లు కడిగేశారు. అమ్మను పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. వదిన వేడినీళ్లు తోడిపెట్టింది. తలకు పోసుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"ముఖం ఎట్లుండె వదినా?"

"పండుకున్నట్టే ఉండె."

"ఏ చీర కట్టిండ్రు?"

"ఆకుపచ్చది. పోయిన దసరాకు తీసుకున్నం. నువ్వు చూడలె."

మూడేళ్లుగా నేను రాలేదు. ఆకుపచ్చ చీరలో అమ్మను ఊహించుకోవాలని చూశాను, కుదరలేదు. వదిన పళ్లెంలో అన్నం పెట్టింది. తిన్నాను.