దేముడమ్మ గంప దించింది

దేముడమ్మ చేపల గంప నెత్తికెత్తుకుని సముద్రం ఒడ్డునున్న జాలారిపేట నుంచి మెట్ట ఎక్కి చినవాల్తేరులో ఒక్క కేక పెట్టిందంటే, మనుషులే కాదు, పిల్లులు కూడా వీధిలోకొచ్చేవి. అలాంటి గొంతు ఆవిడది.

స్టీలు ప్లాంటుకి పునాదులు తవ్వుతున్న రోజుల్లో ఆవిడ వేళ్ళు వాచాయి. తెల్లారి లేస్తే పిడికిలి పడదు, చీర కుచ్చిళ్ళు కోడలు పెట్టాల్సిందే. ఐసులో చేతులు నాని వాతం పట్టిందన్నారు పేటలో. వేడి ఇసకలో చేతులు కప్పెట్టుకుని కూర్చుంది. ఆ వాతం ఇసక్కి లొంగుతుందా?

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ బాధేమిటని అడిగితే, "ఏళ్ళు నొప్పి తల్లీ" అని ఊరుకుంది. మెడ నొప్పి గంపది, కళ్ళ మంట పొయ్యి పొగది, ఆయాసం మెట్టది, నీరసం వయసుది. వాటి సంగతి డాక్టరుకెందుకు? చేపని కోసినట్టు ఒంటిని ముక్కలు కోసి తలా ఒకటీ పంచేసింది మహాతల్లి. వేళ్ళకి మాత్రలు మింగుతూ గంప మోస్తూనే ఉంది.

ఒకరోజు గంప దించుతుంటే చేతులు రెండూ జివ్వుమని తిమ్మిరెక్కిపోయాయి. తోడికోడలు చిట్టమ్మ రెక్క పట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఈసారి ఒంట్లో బాధలన్నీ గుచ్చి గుచ్చి అడిగి, మెడ ఎక్స్‌రే చూసింది. "ఇవన్నీ ఒక్క రోగమేనమ్మా. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి కీళ్ళనీ, కళ్ళనీ, ఊపిరితిత్తుల్నీ తినేస్తోంది. మెడ ఎముక పక్కకి జరిగింది. ఇంక నెత్తిన బరువు పెడితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు."

"గంప దించేత్తే నానెవుర్ని తల్లీ?" అంది దేముడమ్మ, ఏడుపు ఆపుకోలేక.

గంప దించిన ఆడది పేటలో ఎండుచేపల దగ్గర కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చుంటుంది. కోడలు ఆ కర్ర అందించేసరికి దేముడమ్మకి ఒళ్ళు మండింది. "కాకుల్ని నీ మొగుణ్ణి తోల్మను!" అంది, ఆ మొగుడు తన కొడుకేనన్న సంగతి కూడా మరిచిపోయి.

మర్నాడు తన చేపలు కూడా చిట్టమ్మ గంపలో వేయించి, ఆగి ఆగి మెట్టెక్కింది. చినవాల్తేరు వీధి మొదట్లో గోనె పరుచుకుని కూర్చుంది.

"అక్కా, గుమ్మం గుమ్మం తిరక్కపోతే ఎవులు కొంతారే?" అంది చిట్టమ్మ.

"సూద్దాం."

కేక పెట్టబోయింది. గొంతు బొంగురుగా పగిలి, పక్కింటి దాకా కూడా పోలేదు. రోగం గొంతునీ వదల్లేదన్నమాట. మళ్ళీ పెట్టింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అయినా లేవలేదు, మళ్ళీ పెట్టింది.

పోర్టు గుమాస్తా భార్య గౌరీశ్వరి గేటు తీసింది. ఏ రోజూ బేరమాడకుండా చేప ముట్టని మనిషి. "ఏటే, మా గుమ్మం మర్సిపోనావేటి?"

"నా మెడ మీ మెట్లెక్కదమ్మా. ఇకనించి మీరే దిగి రావాల."

గౌరీశ్వరి ఆ వంకర వేళ్ళ వంక చూసింది. లోపలికెళ్ళి గిన్నెతో వచ్చింది. బేరమాడకుండానే చేపలు ఏరుకుని, వీధి మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"దేముడమ్మొచ్చిందర్రా! గిన్నెలట్టుకు రండి!"