విమానానికి చెప్పని నలభై నిమిషాలు

ప్రతి శనివారం ఉదయం ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరు వెళ్తాను. డిపో ఎదుట టీ అంగట్లో నా మిత్రుడు అప్పటికే వచ్చి కూర్చుని ఉంటాడు. సైన్యంలో డీజిల్ మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. పుట్టింది చేజర్లలో, ఇప్పుడు ఉండేది ఆత్మకూరులో. నాకంటే రెండేళ్లు చిన్న. అతని కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. అందువల్ల ఎడమచేతి మణికట్టు దగ్గరి చొక్కా గుండీ తాను పెట్టుకోలేడు. ఇంట్లోవాళ్లను పెట్టనివ్వడు. శనివారం మాత్రం ఆ చేతిని నా ముందుకు చాపుతాడు. నేను పెడతాను. తర్వాత టీ చెబుతాం.

మేమిద్దరం అంటార్కిటికాలోని మన కేంద్రంలో ఒకే దఫాలో పనిచేశాం. నేను వాతావరణ పరిశీలకుణ్ణి. గంటగంటకూ బయటికి వెళ్లి ఆకాశాన్ని, గాలిని, చలిని చూసి రాయడం నా పని. అతను జనరేటర్లు చూసేవాడు, విమానం వచ్చినప్పుడు దానికి ఇంధనం పట్టేవాడు.

ఆ విమానం మంచుదేశం కోసమే తయారైనది. రెక్కలు పైన, ఇంజన్లు రెండు, చక్రాలుండే చోట మంచు మీద జారే స్కీలు. డిపో గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ఉన్నంత జాగా దొరికితే చాలు, పైకి లేచేది. ఎక్కువసేపు నిలిపితే స్కీలు మంచుకు అతుక్కుంటాయి. ఇంజన్ చల్లారితే మళ్లీ వేడెక్కించడానికి సగం పూట పోతుంది. అందుకని అది దిగిందంటే అందరం పరుగే.

వేసవి ముగిసే రోజుల్లో ఒకసారి, పీపాలోంచి చేతిపంపుతో కొడుతుండగా గొట్టం ఊడి ఇంధనం అతని కుడి గ్లవ్‌లోకి కారింది. ఆ చలిలో ఇంధనం నీళ్లలా గడ్డకట్టదు, తడిగానే ఉండి చర్మాన్ని తినేస్తుంది. అతనికి ఆ సంగతి తెలుసు. అయినా విమానం లేచేదాకా పంపు వదల్లేదు. రెండు రోజులకు వేళ్లు నల్లబడ్డాయి. జ్వరం వచ్చింది. త్వరగా ఆసుపత్రికి చేరిస్తే రెండు వేళ్ల కొసలతో పోతుందని, ఆలస్యమైతే చెప్పలేనని మా డాక్టరు అన్నాడు. తీసుకుపోవాల్సింది ఆ విమానమే.

అది అప్పుడు తీరం వెంట మరో కేంద్రంలో ఉంది. నేను ఉదయం తొమ్మిదికి చెప్పే మాటను బట్టి బయలుదేరాలి.

తర్వాత జరిగింది నా డైరీలో ఉంది. అతను ఆ రోజుల్లో జ్వరంతో స్పృహ లేకుండా ఉన్నాడు, ఏమీ గుర్తులేదు. చాలాకాలంగా అడుగుతున్నాడు, ఆ పుస్తకం తెచ్చి చదవమని. ఎక్కడుందో వెతకాలని చెబుతూ వచ్చాను.

“నీ బీరువాలో పోయేది ఏందన్నా?” అన్నాడు పోయిన నెల. “నెంబర్లేసి పెట్టుకుంటివి గదా. మీ పెళ్లినాడు ఎండ ఎంతో కూడా చెప్తావు. నా చెయ్యి పోయిన పుస్తకమే కనపడలేదా?”

“తెస్తాలేరా.”

“తే. నాకు కంట్లో శుక్లాలు ముదిరినాయి. నువ్వే సదవాల.”

తీసుకువెళ్లాను. గుండీ పెట్టాను, టీ వచ్చింది, పుస్తకం తెరిచాను. తొమ్మిది గంటలకు రాసింది చదివాను. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు, నీడ పడటం లేదు, విమానం దిగే దారికి గుర్తుగా పెట్టిన పీపాల్లో మొదటిది కూడా కనిపించడం లేదు. రేడియోలో అదే చెప్పాం.

“ఇది నాకు చెప్పినారులే. మబ్బు కమ్మిందని,” అన్నాడు. “తర్వాత?”

తర్వాతి వాక్యం మీద వేలు పెట్టాను. దాన్ని దాటేసి పది గంటలకు పోవచ్చు. అతను పట్టుకోలేడు. కానీ చదివాను.

“తొమ్మిదీ ఇరవై. నా నీడ నా ముందు పడింది. చివరి పీపా దాకా తేటగా ఉంది. పదింటి దాకా చూసి చెప్పాలనుకున్నాను.”

అతను గ్లాసు కింద పెట్టాడు. “మల్లా సదువు.”

మళ్లీ చదివాను.

“మద్దెలో చెప్పగూడదా?”

“చెప్పొచ్చు. మార్పు వస్తే అప్పటికప్పుడే చెప్పొచ్చు.”

“రేడియో గది ఎంత దూరం?”

“పక్క తలుపే.”

“పక్క తలుపే,” అన్నాడు.

మిగతాది పుస్తకం మూసి చెప్పాను. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఒకాయన నన్ను ఆటపట్టించాడు. మీ జిల్లావాడి కోసం ఆకాశాన్ని కూడా తేటగా రాసేట్టున్నావే అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తెల్లవారాక నా నీడ కనబడగానే మొదట గుర్తొచ్చింది ఆ నవ్వే. మనవాడని తొందరపడ్డాను అనిపించుకోకూడదు, వేరే ఎవరైనా అయితే ఎంత నిలకడగా చూస్తానో అంతకంటే ఎక్కువ చూసి చెప్పాలి అనుకున్నాను. నలభై నిమిషాలు బయటే నిలబడ్డాను. ఆకాశం మళ్లీ మూసుకోలేదు. పదింటికి చెప్పాం. పైలట్ అప్పటికే ఇంకో శిబిరానికి సామాను వేసుకుని బయలుదేరిపోయాడు. సాయంత్రం తుఫాను పట్టింది. విమానం వచ్చింది నాలుగు రోజుల తర్వాత. అప్పటికి విషం అరచేతికి ఎక్కింది.

ఇదంతా విని అతను రోడ్డు వైపు తిరిగాడు. నెల్లూరు బస్సు ఒకటి లోపలికి వచ్చింది, జనం దిగారు.

“వాళ్లు నవ్వుతారని గమ్మున ఉండినావు.”

“అవును.”

“నేను మీ జిల్లావాణ్ణి కాకుండా ఏ పంజాబువాడో అయ్యుంటే?”

“అప్పుడే చెప్పేవాణ్ణి.”

తలూపాడు. గొంతు పెంచకుండానే అన్నాడు. “ఆ నవ్వినోళ్లు ఎవురన్నా ఇప్పుడు నా గుండీ పెట్టేదానికి వస్తా ఉండారా అన్నా?”

 తనంతట తనే ఎడమచేతి గుండీ విప్పాడు. ఒక్క బొటనవేలితో లాగితే రంధ్రంలోంచి వచ్చింది. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు పోయింది. అతను తన చేతిని వెనక్కి తీసుకుని బల్ల అంచుకు ఆనించాడు. గుండీని బల్లకు అదిమి, బొటనవేలితో రంధ్రం దగ్గరికి నెడుతున్నాడు. జారిపోతోంది. మళ్లీ నెడుతున్నాడు.

“నీ బస్సు కదలతా ఉండాది. పో,” అన్నాడు తలెత్తకుండా.

ఉదయగిరి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. డైరీ ఒళ్లో ఉంది. అంగట్లో అతను ఇంకా బల్ల మీదికి వంగే ఉన్నాడు. బస్సు డిపో దాటి మలుపు తిరిగేదాకా చూశాను. గుండీ పడలేదు.