లగ్గం పత్రికలో దారి కార్డు

ఆ రోజుల్లో కొత్త మనిషి ఎవరైనా ఎదురైతే నేను ముందుగా ఆలోచించేది ఒక్కటే: ఈ మనిషి నాతో ఒక గంట కూర్చుని ఆడతాడా, ఆడడా? ఊరు, పేరు, ఉద్యోగం అన్నీ ఆ తర్వాతి సంగతులు. ఇప్పుడైతే బల్ల మీద పరుచుకుని ఆడే ఆటలు తయారుచేయడం, వాటి గురించి రాయడం నా బతుకుతెరువు అయింది కాబట్టి జనం దాన్ని వృత్తిధర్మం అనుకుని మన్నిస్తున్నారు. అప్పుడు మా ఇంట్లో దానికి వేరే పేరుండేది. "ఇరవై రెండేండ్లు నిండినయి, ఇంకా ఈ పిచ్చేంది?" అనేది మా అమ్మ. నేను తయారుచేసిన ఆట అప్పటికి ఒక్కటే. దాన్ని చివరిదాకా ఆడినవాళ్ళు ఒక్కరూ లేరు. (అమ్మే ఒకసారి సగందాకా ఆడింది. ఇంతలో పొయ్యి మీది పప్పు మాడిన వాసన రావడంతో లేచిపోయింది. పప్పు మాడినందుకు అంత సంతోషపడిన ఇల్లాలిని నేను మళ్ళీ చూడలేదు.)

మేము నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. నాకు అబిడ్స్‌లో ఒక సందులో పెళ్ళి పత్రికలు అచ్చువేసే దుకాణంలో ఉద్యోగం. కంప్యూటర్ ముందు కూర్చుని "మా జ్యేష్ఠ పుత్రిక" అని రోజుకు పదిసార్లు కొట్టేదాన్ని. దుకాణం యజమానిని అందరం పెద్దసార్ అనేవాళ్ళం. తండ్రి కాలం నుంచీ నడుస్తున్న దుకాణం అది. ఇంతవరకూ ఒక్క పత్రిక కూడా అచ్చుతప్పుతో గడప దాటలేదని ఆయన గర్వం. అచ్చయిన పత్రికలు మడిచి, కవర్లలో పెట్టి, పసుపు అద్దే పని ఒక పెద్దావిడది. నల్లగొండ దిక్కునుంచి వచ్చిన మనిషి. ఆమెను కవర్ల అత్త అనేవాళ్ళం. ఆమె చేతుల వేగానికి ఫ్యాను కూడా సిగ్గుపడేది.

నా ఆట పేరు "నాంపల్లి బండి". ఉస్మాన్‌గంజ్‌లో బయలుదేరి, కోఠీ, అబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషన్ చేరి రైలు అందుకోవాలి. పాత క్యాలెండరు వెనక గడులు గీశాను. రంగు గడిలో ఆగితే ఒక కార్డు తీయాలి. రోజూ నేను కళ్ళారా చూసే కష్టాలన్నీ ఆ కార్డుల మీద రాశాను. "ఆటోవాలాకు మీ వైపు రావడం ఇష్టం లేదు. ఒక వంతు ఆగండి." "తెలిసినాయన ఎదురుపడి కొడుకు ర్యాంకు గురించి చెబుతున్నాడు. ఆరు పడేదాకా కదలరాదు." "మీరు తప్పు స్టాపులో దిగారు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి." ముందుకు పొమ్మనే కార్డులు కూడా లేకపోలేదు, నాలుగో అయిదో. (నగరాన్ని ఉన్నదున్నట్టు చూపించాలన్నది అప్పటి నా ఆశయం.)

చేత్తో రాసిన కార్డులు నలిగిపోతుంటే ఒకరోజు పెద్దసార్‌ను అడిగాను. "మిగిలిన అట్టముక్కలే గదా, తీస్కో బిడ్డా," అన్నాడాయన. నేను మహదానందంతో ఒక పక్క బస్సు బొమ్మ, ఇంకో పక్క రాత వేసి కార్డులు అచ్చుకొట్టాను. కోసే మిషను అప్పుడు పెళ్ళి పత్రికల్లో పెట్టే దారి కార్డుల కొలతకు బిగించి ఉంది. మంటపానికి ఎట్లా రావాలో చెప్పే చిన్న పటం ఉంటుందే, ఆ కార్డు. నావీ అదే కొలతకు కోసుకుని, ఆరడానికి బల్ల మీద పేర్చి, భోజనానికి ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సగం కార్డులు లేవు. గాలికి ఎగిరిపోయాయనుకుని బల్ల కింద వెతికాను, కాసేపు బాధపడ్డాను, మర్చిపోయాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే హిమాయత్‌నగర్ నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. కూతురి పెళ్ళి పత్రికలు మా దగ్గరే వేయించారు. పెళ్ళి ఇంకో వారంలో ఉంది. ఆయన కోపంగా లేరు. కోపంగా ఉంటే బాగుండేది. నీరసంగా కుర్చీలో కూలబడి, "మీ దుకాణం మీద మాకు ఎంత భరోసా ఉండె సార్," అంటూ జేబులోంచి ఒక కార్డు తీసి పెద్దసార్ ముందు పెట్టారు. దాని మీద బస్సు బొమ్మ. నా గుండె ఒక గడి వెనక్కి పోయింది.

సంగతేమిటంటే, వాళ్ళ పత్రికలు కొన్నింటిలో దారి కార్డుకు బదులు నా కార్డులు వెళ్ళాయి. చాలామంది నవ్వుకుని ఊరుకున్నారట. కాని మాస్టారి బావమరిదికి, అంటే పెళ్ళికూతురి పెద్ద మేనమామకు, వచ్చిన కార్డు "వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి". లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు ఆయన. తను తెచ్చిన సంబంధాన్ని వీళ్ళు కాదన్నారని ముందే మనసులో ఉంది. ఇప్పుడు ఈ కార్డు. "లగ్గానికి రాను, మీ గంప మీరే మోసుకోన్రి," అన్నాడట. పిల్లను గంపలో కూర్చోబెట్టి మంటపానికి తేవలసింది మేనమామే. మాస్టారి భార్య రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు.

పెద్దసార్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కవర్లల పెట్టింది ఎవరు?" అన్నాడు.

"నేనే," అంది కవర్ల అత్త. "నాకు సదువు రాదాయె, బస్సు బొమ్మ ఉన్నది. ఏ బస్సు ఎక్కాల్నో చెప్పే కార్డేమో అనుకున్న. ఒక్కతీరుగ ఉంటే ఏమెర్క నాకు?" అంటూ చేతిలోని కవర్లు పక్కన పెట్టింది. పని మధ్యలో ఆ చేతులు ఆగడం నేను అదే మొదటిసారి చూడటం.

ఒక్క క్షణం నోరు మూసుకుని ఉందామా అనిపించిన మాట నిజం. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. "అత్త తప్పు లేదు సార్. ఆ కార్డులు నావి. నా ఆటవి. బల్ల మీద పెట్టి పోయిన," అన్నాను. పెద్దసార్ నన్ను తిట్టలేదు. లోపలికెళ్ళి, మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి స్కూటర్ తాళం తీశాడు. "నడువు, లక్డీకాపూల్ పోదాం. మాట్లాడెటిది నేను. నువ్వు తల దించుకుంటె సాలు."

మేము వెళ్ళేసరికి ఆఫీసు క్యాంటీన్‌లో మేనమామగారు అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు. మేమెవరమో చెప్పగానే మూత మళ్ళీ పెట్టేసి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో కార్డు. ఫైలులో కాగితంలా భద్రంగా ఉంది. దాన్ని నా ముందుకు జరిపి, "చదువమ్మా," అన్నారు. చదివాను. "జర గట్టిగ చదువు." గట్టిగా చదివాను. పక్క బల్లల వాళ్ళు చెంచాలు ఆపి ఇటు తిరిగారు. "లగ్గం పత్రికల ఎవరన్న గిట్ల రాసి పంపుతరా?"

పెద్దసార్ స్కూటర్ మీద తయారుచేసుకున్న ఉపన్యాసం ఎత్తుకోబోయాడు. నేను ఆగలేక, "అది ఆటల కార్డు సార్," అనేశాను.

"ముప్పై ఏండ్ల సంది మందివి సంజాయిషీలు సదువుతున్న. గిసుంటిది ఎన్నడు సూడలే," అన్నారాయన. "ఆటనా? ఏది, సూపియ్."

చూపించమన్నదే తడవు. నా సంచిలో ఆ క్యాలెండరు, మిగిలిన కార్డులు ఎప్పుడూ ఉండేవి, కొందరి సంచిలో గొడుగున్నట్టు. ఆయన డబ్బా పక్కకు జరిపి పరిచాను. (అపరాధిగా వచ్చిన మనిషిని, ఆటగాడు దొరికాడన్న సంతోషంతో ఆ సంగతి మరిచాను.) పాచిక ఆయన చేతిలో పెట్టి, పావులకు బదులు వాడే బొత్తాములు ముగ్గురికీ పంచాను. పెద్దసార్ బల్ల కింద నా కాలు తొక్కాడు, ఆయన్నే గెలిపించమని. పాచికలతో ఆడే ఆటలో నేనెట్లా గెలిపించగలను? ఆ సంగతి చెప్పడానికి నేనూ ఆయన కాలు తొక్కాను.

మేనమామగారు మొదటి రెండు వంతులూ సాక్ష్యం పరిశీలిస్తున్నట్టే ఆడారు. మూడో వంతులో ఆటోవాలా రానన్నాడు. "నిన్న సాయంత్రం నాకు ఇదే అయింది," అన్నారు. అయిదో వంతులో ర్యాంకు కొడుకు తండ్రి ఎదురుపడ్డాడు. ఆ కార్డు పైకి చదివి, మూల బల్ల దగ్గర కూర్చున్న ఒక గుమాస్తా వైపు చూశారు. ఆ గుమాస్తా తల వంచుకుని సాంబారు తాగసాగాడు. మెల్లగా మా చుట్టూ మనుషులు చేరారు. "సార్, కోఠీల ఆగకున్రి, గాడ జామ్ ఉంటది," అని ఒకరు, "ఆరు పడ్తది, ఊది ఎయ్యిన్రి," అని ఒకరు. ఆయన నిజంగానే ఊది వేశారు. ఆరు పడింది. ఇంకొక రెండు గడులు దాటితే నాంపల్లి స్టేషన్. కాని ఆగింది రంగు గడిలో. కార్డు తీశారు.

చూసి, నాకిచ్చారు. "చదువమ్మా."

నేను కార్డు చూసి తల దించుకున్నాను. పెద్దసారే నా భుజం మీదుగా చూసి, చచ్చినట్టు చదివాడు: "మీరు తప్పు స్టాపులో దిగారు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి." 

"గిసుంటి కార్డులు ఎన్నున్నయి?" అని అడిగారు మేనమామగారు.

"ఎనిమిది సార్."

"ఇప్పటిదాంక ఎంతమంది ఆడిన్రు?"

"ఐదుగురు. మా అమ్మతోని కలిపి."

"ఎవరన్న స్టేషన్ చేరిన్రా?"

"లేదు సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు ఎర్కనే. ఇగో సూడు పిల్లా, మా ఆఫీసుల ఎంత పెద్ద ఆర్డరైనా రానియ్, దాని మీద ఒక్క అర్జీ పెట్టుకునే వీలు మనిషికి ఉంటది. వెనక్కి పో, వెనక్కి పో అంటనే ఉంటే మనిషి ఎన్నడు చేరాలె, ఎందుకు ఆడాలె? ఒక్కొక్కరికి ఒక్క అర్జీ ఇయ్యి. నచ్చని కార్డు వస్తే ఆటల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కాదనొచ్చు. రాసుకో."

రాసుకున్నాను. టిఫిన్ డబ్బా పక్కన, బిల్లు కాగితం వెనక రాసుకున్న ఆ ఒక్క మాట నా ఆటను ఆట చేసింది. తర్వాత నేను తయారుచేసిన ఆటలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ఆ అర్జీ ఉంది. అప్పుడు మాత్రం, మూడు నెలలు బుర్ర బద్దలుకొట్టుకున్నా నాకు తట్టనిది ఈయనకు పెరుగన్నం తినకముందే ఎట్లా తట్టిందని కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

"ఇప్పుడు నా అర్జీ పెడుతున్న," అన్నారాయన. కార్డును పక్కన పెట్టి, పాచిక వేసి, సరిగ్గా రెండు గడులు దాటి నాంపల్లి చేరారు. గుమాస్తాలంతా చప్పట్లు కొట్టారు. సాంబారు గుమాస్తా కూడా. మేనమామగారు ఆ సందడి తగ్గేదాకా ఆగి, ప్లాస్టిక్ కవరులోని కార్డును వేలితో తడుముతూ, ఎవరికీ వినపడకుండా నన్ను అడిగారు: "మా బావ రాపియ్యలే గదా ఇది?"

"లేదు సార్. రాసింది నేను. మిమ్మల్ని తలుచుకొని కాదు, బస్సును తలుచుకొని."

ఆయన డబ్బా మూత తీసి, మా ఇద్దరికీ చెరో ముద్ద పెరుగన్నం పెట్టారు. "గంప కాడ పొద్దుగాలనే ఉంటనని చెప్పున్రి. కాని ఈ పిల్ల గూడ రావాలె లగ్గానికి. ఆ క్యాలెండర్ పట్కొని."

మాస్టారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే ఆయన అవతల భార్యను పిలిచి చెప్పారు. వెంటనే ఒక ఆడగొంతు, "ఏమండీ, ఇంత అన్నం పెట్టుకుంట," అనడం వినపడింది. పెద్దసార్ ఫోన్ పెట్టేసి, దారిలో స్కూటర్ ఆపి, నాకు చాయ్ ఇప్పించాడు. తిట్లేమో అప్పుడు మొదలయ్యాయి. లక్డీకాపూల్ నుంచి అబిడ్స్ దాకా ఆపకుండా తిట్టాడు, మధ్యమధ్య నవ్వుతూ.

పెళ్ళికి నేను, కవర్ల అత్త కలిసి వెళ్ళాం. మేనమామగారు మేనకోడలి గంపను ఒక పక్క పట్టుకుని, నడుంనొప్పి సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా, ఊరేగింపు ఏనుగు నడిచినంత ఠీవిగా మంటపానికి తెచ్చారు. మాస్టారు ఎదురెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.  భోజనాలయ్యాక హాల్లో ఒక మూల జంపఖానా పరిచి ఆట పెట్టాం. పత్రికల్లో నా కార్డులు వచ్చినవాళ్ళు వాటిని వెంట తెచ్చుకున్నారు, లక్కీడ్రా ఉందనుకుని. "ఒక వంతు ఆగండి" అని వచ్చిన ఒక ముసలమ్మ, అది భోజనాల గురించే అనుకుని మొదటి పంక్తి వదిలేసి రెండో పంక్తిలో కూర్చుందట. పెళ్ళికూతురు పట్టుచీరతోనే వచ్చి కూర్చుని, కొత్త పెళ్ళికొడుకుతో ఆడి, ఓడించి, ఇంకోసారి అంది. నా జీవితంలో ఆ ఆటను చివరిదాకా ఆడినవాళ్ళ సంఖ్య ఆ ఒక్క మధ్యాహ్నం ఎంత పెరిగిందో నేను లెక్కపెట్టలేకపోయాను.

ఈమధ్య నా కొత్త ఆట గురించి ఒక పత్రికలో వార్త వచ్చింది. ఫొటోలో చేతులు కట్టుకుని, దూరంగా ఏదో గొప్ప సత్యం కనబడుతున్నట్టు చూస్తున్నాను. (కనబడుతున్నది ఫొటోగ్రాఫర్ అసిస్టెంటు పట్టుకున్న గొడుగు.) ఆ వార్త చూసి, అప్పటి పెళ్ళికూతురు ఎక్కడో నా నంబరు పట్టుకుని, వాళ్ళ పెళ్ళి ఆల్బంలోని ఒక ఫొటో పంపింది. జంపఖానా మీద నేను. మా అమ్మ చీర, అది సగం జారింది. ఒక బుగ్గలో లడ్డూ. చెయ్యెత్తి ఎవరితోనో నియమాల గురించి వాదిస్తున్నాను, ఫొటో తీస్తున్నట్టు కూడా తెలియకుండా. ఫొటో చూసి మా ఆయన, "ఎవరీ పోరి, గింత లొల్లి పెడుతున్నది?" అన్నాడు. తెలిసినామెనే అన్నాను. ఆ వాదనలో గెలిచానో ఓడానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. లడ్డూ రుచి మాత్రం గుర్తొచ్చింది.