వంగిన మూతి పిచికారీ

అరవైల మొదట్లో నేను మక్తల్ నుంచి కాపురానికి ఆత్మకూరు వచ్చేసరికి మా అత్తకు ప్రాణం రెండిటి మీద ఉండేది. ఒకటి కొడుకు, రెండోది పెరట్లో చిక్కుడు తీగ. కోడలి వంతు ఆ తర్వాతే. నాకదేమీ బాధ అనిపించలేదు గానీ, ఆ తీగలో అంత ఏముందో తెలుసుకోవాలని మాత్రం మహా కుతూహలంగా ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆ విత్తనం ఆమె తల్లిదట. కాయకు ఎర్రంచు, గింజ నల్లన. తల్లి పోయింది, తోడబుట్టినవాళ్లు లేరు, పుట్టిన ఇంట్లో ఇప్పుడు ఎవరో ఉంటున్నారు. దాచుకున్న గింజలు ఆ ఏడు పుచ్చిపోయి, నాటిన వాటిలో ఒక్కటే మొలిచింది. అది కాయలు ఎండి గింజ ఇచ్చేదాకా బతికితేనే ఆ రకం ఉంటుంది. లేకపోతే లేదు.

సరిగ్గా పూత మొదలయ్యే వేళకు ఆకుల రసం పీల్చే పేనుబంక పట్టింది. అత్త పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి చల్లింది. పేనుకు బూడిద లెక్కలేదు. సాగు సంగతులు చెప్పడానికి ఊళ్లోకి వచ్చే గ్రామసేవకుడు, పొగాకు ఉడికించిన నీళ్లలో సబ్బు కలిపి పిచికారీతో కొట్టమని చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయాడు. నాకు తెలిసిన పిచికారీ హోలీ రంగులదే. చెట్లకు కొట్టేది ఎలా ఉంటుందో చూడాలని, మా ఆయన నేసిన చీరలు ఇవ్వడానికి జడ్చర్ల పోతుంటే నేనూ బస్సెక్కాను.

దుకాణంలో మూడు రకాలు చూపించారు. ఒకటి వీపున మోసుకునేది, మా పెరటికి అది ఏనుగు. రెండోది ఇత్తడిది. దాని గొట్టం బకెట్లో పెట్టి చేత్తో కొట్టాలి, చివర మూతి కొంగ మెడలా పైకి వంగి ఉంది. మూడోది రేకుది, ముందు చిన్న డబ్బా, వెనక తోసే పిడి.

మా ఆయన సంచిలోంచి, చిలపగా చుట్టిన నూలు పోగుల కట్ట ఒకటి తీసి నా చేతికిచ్చి, చాచి పట్టుకోమన్నాడు. దుకాణదారు ముఖం చూడాలి.

"చెట్లకా, నూలుకా?" అన్నాడు.

"చెట్లకే. జర నీళ్లు పోయుండ్రి," అన్నాడు మా ఆయన.

ఇత్తడిది కొడితే నూలు మీద బొట్లు బొట్లుగా పడి కారింది. రేకుది కొడితే మంచు పట్టినట్టు పోగుపోగుకూ సమంగా తడి అంటింది. ఆయన నూలును వెలుతురుకు పట్టి చూసి తల ఊపాడు. మగ్గానికి ఎక్కించే పడుగుకు గంజి పట్టించే మనిషికి అంతకంటే మంచి తడి ఏముంటుంది? అక్కడే తీర్పు అయిపోయింది.

నా కళ్లు మాత్రం ఆ ఇత్తడి మూతి మీదే ఉన్నాయి. "గీ మూతి ఎందుకు వంచిండ్రు?" అని అడిగాను.

"గట్లనే వస్తదమ్మా," అన్నాడు దుకాణదారు. ఒక్కసారి తడిపిన సామాను వాపసు తీసుకోనని కూడా చెప్పాడు. దారి పొడుగునా అదే అడుగుతుంటే మా ఆయన, "ఆ మూతి సంగతేమో గాని నీ మూతి జర మూసుకో," అని నవ్వాడు. నవ్వుతూ అన్నా నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం ముక్కులకు గుడ్డలు కట్టుకుని కొట్టాం. ఆకులన్నీ తళతళలాడాయి. అత్త సంబరపడి, "మంచిగ తెచ్చినవు బిడ్డా," అని కొడుకును మెచ్చుకుంది. కానీ నాలుగు రోజులు గడిచినా లేత కొసలు ముడుచుకుపోతూనే ఉన్నాయి. పూత రాలుతూనే ఉంది.

ఏమవుతోందో చూద్దామని పందిరి కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. పైనుంచి పచ్చగా కనిపించే ఆకుల అడుగు నల్లగా, కిటకిటలాడుతూ పేను. మందు వాటిని తాకనే లేదు. ఇత్తడి మూతి ఎందుకు వంగి ఉందో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. రేకు పిచికారీని పైకెత్తి కొట్టి చూశాను. డబ్బా ఒరిగి, నీళ్లందక ఉత్త గాలి బుస్సుమంది. మందు నా మోచేతి మీదుగా కారింది.

సంగతి చెప్పేసరికి మా ఆయన, దీన్ని వాపసు తీసుకోరు, ఇంకోటి కొనడానికి డబ్బుల్లేవంటూ మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. అత్త గడప మీద కూలబడి, "మా అవ్వది గిదొక్కటే మిగిలింది," అని తల్లిని తలుచుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం చూడటం నాకదే మొదలు. చాలా బాధేసింది.

మర్నాడు పొద్దున వీధిలో పక్కింటివాళ్లు పడుగు చాచి గంజి పట్టిస్తున్నారు. ఒకవైపు అయ్యాక రెండు కొసలూ పట్టి దాన్ని తిరగేశారు. నేను చీపురు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాను.

"పడుగును తిప్పినట్టు పందిరిని తిప్పరాదా?" అన్నాను.

మా ఆయన నన్ను చూశాడు, పెరట్లోకి నడిచాడు. మా పందిరి నాలుగు గుంజల మీద కట్టిన తడికె. తీగ మొదలు దాని ఒక అంచున ఉంది. రెండో అంచు కట్లు విప్పి పైకెత్తితే తడికె గోడలా నిలబడుతుంది, సందుల్లోంచి ఆకుల అడుగు మనకెదురుగా వస్తుంది.

"తీగ తెగితే?" అన్నాడాయన తల్లితో.

అత్త తీగ మొదట్లో కూర్చుంది. "ఊకున్నా సచ్చేదేనాయె. మొదలు నేను పట్టుకుంట, మెల్లగ లేపుండ్రి," అంది.

ఇద్దరం ఎత్తాం. సగంలో ఒక కొమ్మ పటుక్కుమంది. అత్త కళ్లు మూసుకుంది గానీ చెయ్యి వదల్లేదు. తడికె నిలబడ్డాక మా ఆయన ఆ సన్నటి తుంపరను సందుసందులోకీ కొట్టాడు. నూలు మీద చూసి మెచ్చిన తుంపర అప్పుడు పనికొచ్చింది.

పేను పోయి పూత నిలిచింది. ఆ ఏడు గింజ కోసమని ఒక్క కాయ కూడా కూరకు కోయలేదు. ఎండిన కాయలు వలిస్తే గింజలు దోసెడు కూడా కాలేదు. అత్త వాటిని చాటలో పోసి రెండు వాటాలు చేసింది. ఒక వాటాను గుడ్డలో మూటకట్టి నా ఒళ్లో పెట్టింది.

"మక్తల్ల మీ అవ్వగారింటికి పంపు, నాటుమను," అంది.

అంత ప్రాణంగా కాపాడుకున్నవి ఎందుకు పంపుతున్నావని అడిగాను.

"ఈడ పోతే ఆడ అడగొచ్చు. నాకు అడుగుదమంటె పుట్టిల్లు లేకపాయె, నీకున్నదిగద," అంది అత్త.